విదేశీ క్లబ్బుల్లో ఆడితే జాతీయ జట్టు బలపడుతుందా?

2002 మే 31న సియోల్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ తొలి మ్యాచ్. ఒకవైపు డిఫెండింగ్ చాంపియన్ ఫ్రాన్స్, మరోవైపు మొదటిసారి ప్రపంచకప్ గడప తొక్కిన సెనెగల్. 30వ నిమిషంలో పాపా బూబా డియోప్ కొట్టిన గోల్‌తో సెనెగల్ 1-0తో గెలిచింది. ఈ సంచలనం అందరికీ గుర్తే. రెండు జట్ల జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఇంకో వింత కనిపిస్తుంది. ఆ రోజు సెనెగల్ తరఫున మ్యాచ్ మొదలుపెట్టిన 11 మందీ ఫ్రెంచ్ లీగ్ ఆటగాళ్లే. ఫ్రాన్స్ 11 మందిలో ఫ్రాన్స్‌లో ఆడుతున్నది మార్సెయ్ డిఫెండర్ ఫ్రాంక్ లెబోఫ్ ఒక్కడే. మిగిలినవాళ్లంతా ఇంగ్లండ్, ఇటలీ, జర్మనీ క్లబ్బుల్లో ఉన్నారు.

అంటే రెండూ ‘విదేశీ అనుభవం’ ఉన్న జట్లే. ఒకటి క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. రెండోది మూడు మ్యాచుల్లో ఒక్క గోల్ కూడా కొట్టకుండా గ్రూప్ దశలోనే ఇంటిముఖం పట్టింది. ఆ సీజన్‌లో ఇంగ్లండ్ లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టిన థియరీ ఆన్రీ ఆ ఫ్రాన్స్ జట్టులోనే ఉన్నాడు. ఇటలీ లీగ్‌లో మొదటి స్థానాన్ని పంచుకున్న డేవిడ్ ట్రెజెగే, ఫ్రాన్స్ లీగ్‌లో అదే పని చేసిన జిబ్రిల్ సిసే కూడా అందులోనే ఉన్నారు.

ప్రతి పెద్ద టోర్నీకి ముందు జట్ల జాబితాలు రాగానే మొదలయ్యే చర్చ ఒకటుంది: ఎంతమంది యూరప్‌లో ఆడుతున్నారు? ఆ అంకె పెద్దదైతే జట్టు బలమైనదని, చిన్నదైతే గ్రూప్ దాటడం కష్టమని తేల్చేస్తారు. ఈ లెక్కలో కొంత నిజం లేకపోలేదు. కానీ అది ఎవరి విషయంలో నిజం, ఎంతవరకు నిజం అన్న దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు.

ముందు కప్ గెలిచినవాళ్ల సంగతి చూద్దాం. 1978లో అర్జెంటీనా గెలిచినప్పుడు ఆ జట్టులో విదేశీ క్లబ్‌కు ఆడుతున్నది వాలెన్సియాలో ఉన్న మారియో కెంపెస్ ఒక్కడే. 2022లో అదే అర్జెంటీనా మళ్లీ గెలిచినప్పుడు లెక్క పూర్తిగా తలకిందులైంది. 26 మందిలో స్వదేశంలో ఆడుతున్నది రివర్ ప్లేట్ గోల్‌కీపర్ ఫ్రాంకో అర్మానీ ఒక్కడే. 2006లో ఇటలీ 23 మందీ ఇటలీ లీగ్‌వాళ్లే. 2010లో స్పెయిన్ జట్టులో రీనా, టోరెస్, ఫాబ్రెగాస్ తప్ప అందరూ స్పెయిన్‌లోనే ఆడేవాళ్లు. 2018 ఫైనల్లో ఫ్రాన్స్ తుది జట్టులో ఎంబాపే ఒక్కడే ఫ్రెంచ్ క్లబ్ ఆటగాడు. 2002 బ్రెజిల్ మధ్యేమార్గంలో ఉంది: 13 మంది స్వదేశంలో, 10 మంది యూరప్‌లో. ఈ వరుసలో ఏ సూత్రమూ దొరకదు. ఎందుకంటే అగ్రశ్రేణి జట్ల ఆటగాడు ఎక్కడ ఆడినా ఆ లీగ్ స్థాయి దాదాపు ఒకటే. మిలాన్‌లో ఉన్న ఇటలీ డిఫెండర్‌కు మాడ్రిడ్ వెళ్తే కొత్తగా వచ్చేది పెద్దగా లేదు.

1978కీ 2022కీ మధ్య అర్జెంటీనాలో వచ్చిన మార్పుకు పెద్ద కారణం ఫుట్‌బాల్ మార్కెట్. 1995 డిసెంబర్‌లో యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన బోస్మాన్ తీర్పుతో యూరోపియన్ యూనియన్ దేశాల ఆటగాళ్లపై విదేశీ కోటా ఎత్తేశారు. దాంతో ఆ కోటా స్థానాలు ఖాళీ అయి క్లబ్బుల్లో మిగతా ఖండాలవాళ్లకూ చోటు పెరిగింది. ఆ తర్వాత టీవీ డబ్బు వరదలా వచ్చింది. ఇప్పుడు దక్షిణ అమెరికాలో 18 ఏళ్ల కుర్రాడు మెరిశాడంటే ఆ ఏడాది తిరిగేలోపే యూరప్ విమానం ఎక్కేస్తాడు. కాబట్టి ‘జట్టులో విదేశీ ఆటగాళ్లు ఎక్కువ’ అన్నది బ్రెజిల్, అర్జెంటీనాల విషయంలో బలానికి కారణం కాదు, ఫలితం. వాళ్లు బాగా ఆడతారు గనుకే కొనుక్కుంటున్నారు.

బ్రిటన్ వర్క్ పర్మిట్ నిబంధనలు చూస్తే ఈ తిరకాసు ఇంకా స్పష్టమవుతుంది. అక్కడి క్లబ్బుల్లో చేరాలంటే విదేశీ ఆటగాడు తన జాతీయ జట్టుకు ఎన్ని మ్యాచులు ఆడాడో, ఆ జట్టు ఫిఫా ర్యాంకింగ్ ఎంతో చాలాకాలంగా లెక్కలోకి తీసుకుంటున్నారు. జట్టు ర్యాంకు బాగుంటే ఆటగాళ్లకు దారి సులువవుతుంది. విదేశీ క్లబ్బుల్లో ఆడేవాళ్ల సంఖ్య, జట్టు ర్యాంకు అనే రెండు గ్రాఫులూ కలిసి పైకి పోతున్నాయని చూపించి, ఒకటి రెండోదాన్ని లాగుతోందని చెప్పడం అందుకే ప్రమాదం.

నిజంగా తేడా కనిపించేది మధ్యస్థాయి దేశాల్లో. దీనికి జపాన్‌ను మించిన ఉదాహరణ లేదు.

జపాన్ ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది 1993లో. ఐదేళ్లకే, 1998లో, జట్టు తొలిసారి ప్రపంచకప్‌కు వెళ్లింది. అందరూ స్వదేశీ క్లబ్బుల ఆటగాళ్లే. మూడు మ్యాచుల్లోనూ ఓడిపోయారు, ప్రతిసారీ ఒక్క గోల్ తేడాతోనే. ఆ టోర్నీ అవగానే హిదెతోషి నకటా ఇటలీలోని పెరూజియాకు వెళ్లి, మొదటి లీగ్ మ్యాచ్‌లోనే యువెంటస్ మీద రెండు గోల్స్ కొట్టాడు. ఆ తలుపు తెరుచుకున్నాక ఆగలేదు. 2022 నాటికి 26 మందిలో 19 మంది విదేశాల్లో ఉన్నారు, ఎనిమిది మంది ఒక్క జర్మనీలోనే. ఆ ప్రపంచకప్‌లో జపాన్ జర్మనీని 2-1తో ఓడించింది. రెండు గోల్స్ కొట్టిందీ జర్మనీ క్లబ్బులవాళ్లే: ఫ్రైబుర్గ్ ఆటగాడు డోవాన్, బోహుమ్ ఆటగాడు అసానో. ఇద్దరూ సబ్‌స్టిట్యూట్లుగా వచ్చినవాళ్లే. తర్వాత స్పెయిన్‌నూ 2-1తో ఓడించారు. రెండో గోల్ కొట్టిన తనాకా అప్పటికి జర్మనీ రెండో డివిజన్‌లో డ్యూసెల్‌డార్ఫ్‌కు ఆడుతున్నాడు.

ఇక్కడ ఏం మారింది? జపాన్ ఆటగాళ్ల బంతి నైపుణ్యానికి 1998లోనూ వంక పెట్టేవాళ్లు తక్కువే. మారింది వేగం. బంతి కాలికి అందిన క్షణం నుంచి నిర్ణయం తీసుకునేందుకు దొరికే వ్యవధి జర్మనీ లీగ్‌లో చాలా తక్కువ. మీద పడే డిఫెండర్ బలంగా ఉంటాడు, పడగొట్టినా రిఫరీ ప్రతిసారీ విజిల్ వేయడు. వారానికో మ్యాచ్ చొప్పున రెండు మూడు సీజన్లు ఇలా గడిస్తే ప్రపంచకప్ వేగం కొత్తగా అనిపించదు. ట్రైనింగ్ క్యాంపులో ఎంత కష్టపడినా దీన్ని తెచ్చుకోవడం కుదరదు, ఎందుకంటే క్యాంపులో ఎదురుగా ఆడేదీ తమవాళ్లే.

రెండోది భయం పోవడం. లీగ్‌లో పోయిన నెల ఎవరినైతే మార్క్ చేశాడో అతనే ప్రపంచకప్‌లో ఎదురైతే పోస్టర్ మీది హీరోలా కనిపించడు. ఎడమ కాలితో ఎప్పుడు కొడతాడో, ఎక్కడ బద్ధకిస్తాడో తెలుసు. టెన్షన్ ఎలాగూ ఉంటుంది గానీ, కాళ్లు వణికే రకం కాదు. మూడోది ఎవరూ పెద్దగా మాట్లాడరు: భాష రాని చోట, కోచ్‌కు తన పేరు కూడా సరిగ్గా పలకడం రాని చోట, తుది జట్టులో స్థానం కోసం రోజూ కొట్లాడి నిలబడటం. స్వదేశంలో స్టార్‌గా ఉన్నవాడికి ఈ పోరాటం ఎప్పుడూ ఎదురుకాదు.

అయితే జపాన్ ఘనత మొత్తాన్ని యూరప్ ఖాతాలో వేయడం అన్యాయం. డోవాన్ గాంబా ఒసాకా అకాడమీలో పెరిగాడు. అదే జట్టులోని మితోమా వచ్చిన ప్రొఫెషనల్ అవకాశాన్ని పక్కనపెట్టి యూనివర్సిటీలో చదివి, ఆ తర్వాత జపాన్ క్లబ్ కవసాకికి ఆడాడు. ఆటగాడిని తయారు చేసింది స్వదేశమే. యూరప్ చివరి మెరుగు పెట్టింది. అదే టోర్నీలో జర్మనీ, స్పెయిన్‌లను ఓడించిన ఈ జట్టు కోస్టారికా చేతిలో 0-1తో ఓడిపోయిందన్నదీ మర్చిపోకూడదు. బంతి తమ దగ్గరే ఉంచుకుని, వెనక్కి తగ్గి కూర్చున్న ప్రత్యర్థి రక్షణను ఛేదించడమనే పనికి ఆ జర్మనీ అనుభవం అంతగా అక్కరకు రాలేదు.

జపాన్‌ను చూసి, అదే ఫలితాన్ని అడ్డదారిలో సాధించాలనుకున్న దేశం సౌదీ అరేబియా. 2018 ప్రపంచకప్‌కు ముందు, ఆ ఏడాది జనవరిలో, స్పెయిన్ లీగ్‌తో ఒప్పందం చేసుకుని తొమ్మిది మంది సౌదీ ఆటగాళ్లను అక్కడి క్లబ్బులకు లోన్ మీద పంపారు. అవి ఏరికోరి అడిగిన క్లబ్బులు కావు. తమ కోచ్ ఎంచుకోని, ఐదు నెలల్లో వెళ్లిపోయే ఆటగాడిని ఏ క్లబ్ మాత్రం ఆడిస్తుంది? చాలామందికి ఒక్క నిమిషం కూడా దొరకలేదు. విల్లారియల్‌కు వెళ్లిన సలేం అల్ దౌసరికి సీజన్ చివరి మ్యాచ్‌లో, రియల్ మాడ్రిడ్ మీద, సబ్‌స్టిట్యూట్‌గా ఆడే అవకాశం వచ్చింది. అంతే. తర్వాతి నెల ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లో రష్యా సౌదీని 5-0తో చిత్తు చేసింది. అటు విదేశీ అనుభవమూ రాలేదు, ఇటు కీలకమైన ఐదు నెలలు మ్యాచ్ ప్రాక్టీసూ పోయింది. పెద్ద క్లబ్ బెంచ్ మీద కూర్చోవడం కన్నా చిన్న క్లబ్‌లో 90 నిమిషాలు ఆడటం మేలని కోచ్‌లు అనడం ఊరికే కాదు.

ఆ దౌసరే నాలుగేళ్ల తర్వాత, 2022 నవంబర్ 22న, లుసైల్‌లో అర్జెంటీనా మీద విజయ గోల్ కొట్టాడు. ఆ సౌదీ జట్టులో విదేశీ క్లబ్ ఆటగాడు ఒక్కడూ లేడు. 36 మ్యాచులుగా ఓటమి ఎరుగని అర్జెంటీనా 2-1తో ఓడింది. ఆ మ్యాచ్ మొదటి అర్ధభాగాన్ని జాగ్రత్తగా చూస్తే స్వదేశీ జట్టుకుండే లాభం ఏమిటో అర్థమవుతుంది. సౌదీ డిఫెన్స్ చాలా ముందుకొచ్చి నిలబడింది. అర్జెంటీనా కొట్టిన మూడు గోల్స్ ఆఫ్‌సైడ్‌గా, అంటే బంతి అందించే క్షణానికే ఆటగాడు డిఫెండర్లను దాటి ముందున్నాడని, రద్దయ్యాయి. నలుగురు డిఫెండర్లూ ఒకే క్షణంలో ముందుకు కదిలితేనే ఆఫ్‌సైడ్ ఉచ్చు పనిచేస్తుంది. ఒక్కడు అడుగు వెనకపడ్డా గోలే. ఇది ఒకరి ఊపిరి ఒకరికి తెలిసినవాళ్లు చేసే పని. ఆ జట్టులో చాలామంది అల్ హిలాల్ క్లబ్‌లో కలిసి ఆడినవాళ్లే. పైగా ఆ దేశ లీగ్‌ను ప్రపంచకప్‌కు నెల రోజులకు పైగా ముందే ఆపేసి జట్టును క్యాంపులో పెట్టారు. యూరప్ లీగుల్లో ఆడేవాళ్లు తమ జాతీయ జట్లతో చేరేసరికి టోర్నీకి వారం మాత్రమే మిగిలింది.

జాతీయ జట్టు కోచ్‌కు ఎప్పుడూ కరువయ్యేది సమయమే. ఏడాదికి నాలుగైదు విడతలు, విడతకు పది రోజులు. అందులో మొదటి రెండు రోజులు వేర్వేరు ఖండాల నుంచి వచ్చినవాళ్ల నిద్ర సర్దుకోవడానికే సరిపోతాయి. ఆటగాళ్లందరూ స్వదేశంలో ఉంటే, లీగ్ కూడా సహకరిస్తే, ఈ కరువు తీరుతుంది. 2002లో గుస్ హిడింక్ దక్షిణ కొరియాను సెమీస్‌కు చేర్చడం వెనక స్వదేశీ లీగ్ ఆటగాళ్లను నెలల తరబడి ఒకచోట ఉంచి తయారు చేసే వెసులుబాటు ఉంది. సొంతగడ్డ మీద ఆడటమూ కలిసొచ్చిందనుకోండి.

ఆఫ్రికాలో ఈ విషయానికి ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. 2006, 2008, 2010ల్లో ఈజిప్ట్ వరుసగా మూడుసార్లు ఆఫ్రికా కప్ గెలిచింది. ఆ జట్లలో ఎక్కువమంది అల్ అహ్లీ, జమాలెక్ లాంటి స్వదేశీ క్లబ్బులవాళ్లు. వాళ్లు ఓడించిన జట్లలో యూరప్ క్లబ్బుల స్టార్ ద్రోగ్బా ఉన్న ఐవరీ కోస్ట్ ఉంది, అలాంటివాడే అయిన ఎటో ఉన్న కామెరూన్ ఉంది. ఆ తర్వాత యూరప్‌లో ఆడుతూ ప్రపంచంలోనే గొప్ప ఆటగాళ్లలో ఒకడైన మొహమ్మద్ సలా వచ్చాక ఈజిప్ట్ 2017 టోర్నీలోనూ, 2022 ఫిబ్రవరిలో ముగిసిన టోర్నీలోనూ ఫైనల్ చేరింది, రెండుసార్లూ ఓడింది. 2012లో ఆఫ్రికా కప్ గెలిచిన జాంబియా కథ కూడా ఆ పాత ఈజిప్ట్‌లాంటిదే. ఎక్కువమంది ఆఫ్రికాలోనే, కాంగో క్లబ్ టీపీ మజెంబే, దక్షిణాఫ్రికా క్లబ్బుల్లాంటి చోట్ల ఆడేవాళ్లు. ఫైనల్లో యూరప్ స్టార్లతో నిండిన ఐవరీ కోస్ట్‌ను పెనాల్టీల్లో 8-7తో ఓడించారు.

జాంబియా కోచ్ ఎర్వే రెనార్. 2015లో ఆయనే ఐవరీ కోస్ట్ కోచ్‌గా, అదే యూరప్ స్టార్ల దేశంతో, మళ్లీ ఆఫ్రికా కప్ గెలిచాడు. 2022లో అర్జెంటీనాను ఓడించిన సౌదీకి కోచ్ కూడా ఆయనే. స్వదేశీయా, విదేశీయా అన్న తూకం కన్నా చేతిలో ఉన్నవాళ్లను బట్టి ఆట తీరును ఎంచుకోవడమే అసలు పని అని ఈ ఒక్క మనిషి రికార్డు చూస్తే తెలుస్తుంది.

కానీ సమన్వయానికీ ఓ పరిమితి ఉంది. ఆ సౌదీ జట్టే తర్వాతి రెండు మ్యాచుల్లో పోలెండ్, మెక్సికోల చేతిలో ఓడి గ్రూప్ దశలోనే వెళ్లిపోయింది. ప్రత్యర్థులు ఆ ముందుకొచ్చే డిఫెన్స్‌కు సిద్ధపడి వచ్చారు. మొదటి మ్యాచ్‌లో పెట్టిన శారీరక శ్రమ తాలూకు మూల్యమూ కనిపించింది. ఖతర్ ఇంకా మంచి ఉదాహరణ. 2019 ఆసియా కప్ ఫైనల్లో స్వదేశీ ఆటగాళ్ల ఖతర్, యూరప్ ఆటగాళ్లున్న జపాన్‌ను 3-1తో ఓడించింది. 2024 ఫిబ్రవరిలో జోర్డాన్ మీద 3-1తో గెలిచి కప్ నిలబెట్టుకుంది. అదే టోర్నీలో జపాన్ క్వార్టర్స్‌లోనే ఇరాన్ చేతిలో ఓడింది. ఈ రెండు కప్‌ల మధ్య సొంతగడ్డ మీద జరిగిన 2022 ప్రపంచకప్‌లో, నెలల తరబడి క్యాంపులు పెట్టుకుని కూడా, ఖతర్ మూడు మ్యాచులూ ఓడింది. ఖండం స్థాయిలో కలిసికట్టుతనంతో నెట్టుకురావచ్చు. ఈక్వెడార్, సెనెగల్, నెదర్లాండ్స్ వేగం ముందు ఆ కట్టు విడిపోయింది, ఎందుకంటే ఆ వేగాన్ని వాళ్లు లీగ్‌లో ఏ వారమూ చూసి ఉండరు.

రెండూ కుదిరిన జట్టు 2022 మొరాకో. ప్రపంచకప్ సెమీస్ చేరిన తొలి ఆఫ్రికా దేశం. 26 మందిలో 14 మంది మొరాకో బయట పుట్టినవాళ్లు. హకీమీ మాడ్రిడ్‌లో పుట్టి రియల్ మాడ్రిడ్ అకాడమీలో ఆట నేర్చుకున్నాడు, అమ్రబాత్, జియెష్ నెదర్లాండ్స్‌లో పుట్టి పెరిగారు. వీళ్ల విషయంలో ‘విదేశీ అనుభవం’ అన్న మాటే సరిపోదు, ఆట మొదలైందే అక్కడ. దీన్ని ఇంకో దేశం అనుకరించాలన్నా కుదరదు, ఎందుకంటే దాని వెనక రెండు మూడు తరాల వలస ఉంది. అయినా పోర్చుగల్‌పై క్వార్టర్స్‌లో ఎన్-నెసిరి తలతో కొట్టిన గోల్‌కు పక్క నుంచి బంతి అందించింది స్వదేశీ క్లబ్ విదాద్ ఆటగాడు యాహ్యా అత్తియత్ అల్లా. కోచ్ వలీద్ రెగ్రాగీ కూడా అదే ఏడాది విదాద్‌ను ఆఫ్రికా చాంపియన్స్ లీగ్ గెలిపించి వచ్చినవాడే.

బయటికి వెళ్లడానికి ఆటగాళ్లే ఇష్టపడని దేశాలూ ఉన్నాయి. మెక్సికో క్లబ్బులు బాగా జీతాలిస్తాయి, అమ్మాలంటే పెద్ద ఫీజు అడుగుతాయి. యూరప్‌లో చిన్న క్లబ్‌కు తక్కువ జీతానికి వెళ్లాలంటే ఎవరికైనా మనసొప్పదు. 1994 నుంచి 2018 దాకా మెక్సికో వరుసగా ఏడు ప్రపంచకప్‌లలో గ్రూప్ దాటింది, ఏడుసార్లూ ప్రీక్వార్టర్స్‌లోనే ఆగింది. ఇది దాని పక్కా స్థాయిని చెబుతుంది: లీగ్ మంచిదే గనుక గ్రూప్ దాటుతారు, అంతకుమించిన స్థాయిని వారం వారం ఎదుర్కోరు గనుక ఆగిపోతారు. ఇది రుజువు చేయగలిగిన సంగతి కాదు గానీ, ఏడుసార్లు ఒకేచోట ఆగడాన్ని దురదృష్టం అని సరిపెట్టుకోవడం కన్నా నమ్మదగినదే.

ఇంగ్లండ్‌కు ఈ బాధ లేదు. 2018లో సెమీస్ చేరిన 23 మందీ ప్రీమియర్ లీగ్‌వాళ్లే. ప్రపంచమే అక్కడికి వస్తుంటే వాళ్లు బయటికి వెళ్లాల్సిన పనేముంది? కోచ్‌లు విదేశీయులు, ప్రత్యర్థులు విదేశీయులు, పక్కన ఆడేవాళ్లూ విదేశీయులే. విదేశీ అనుభవం వాళ్లకు ఇంట్లోనే దొరుకుతోంది. దీనికి మరో పార్శ్వం, వచ్చిన విదేశీయులు స్వదేశీ కుర్రాళ్ల నిమిషాలు తినేయడం. 2017లో 17 ఏళ్ల జాడన్ సాంచో మాంచెస్టర్ సిటీ వదిలి డార్ట్‌మండ్‌కు వెళ్లింది సీనియర్ జట్టులో ఆడే అవకాశం కోసమే.

2023 నుంచి సౌదీ లీగ్ ఇదే దారి పట్టింది. రొనాల్డో, బెంజెమా లాంటివాళ్లు వచ్చారు, ఒక్కో క్లబ్‌కు అనుమతించే విదేశీయుల సంఖ్య పెరిగింది. ప్రత్యర్థుల స్థాయి పెరిగింది నిజమే. కానీ అప్పట్లో జాతీయ కోచ్‌గా ఉన్న రొబెర్టో మాన్చినీ తన ఆటగాళ్లు క్లబ్బుల్లో బెంచ్‌కే పరిమితమవుతున్నారని బహిరంగంగానే మొరపెట్టుకున్నాడు. 2018లో స్పెయిన్‌కు పంపి బెంచ్ మీద కూర్చోబెట్టారు, ఇప్పుడు ఇంట్లోనే కూర్చోబెడుతున్నారు.

అందుకే జట్టు జాబితాలో క్లబ్ పేరు, దేశం పేరు చూసి లెక్కలు కట్టేకంటే ఆ పక్కన సాధారణంగా కనిపించని వివరాలు వెతకడం మంచిది. గత సీజన్‌లో ఆటగాడు ఎన్ని నిమిషాలు ఆడాడు, ఏ స్థాయి ప్రత్యర్థుల మీద ఆడాడు, జాతీయ జట్టులో పక్కన నిలబడేవాడితో కలిసి ఎంతకాలం ఆడాడు. 2016 యూరో కప్‌లో ఇంగ్లండ్‌ను 2-1తో ఇంటికి పంపిన ఐస్‌లాండ్‌ను ఈ మూడింటితో కొలిస్తే సరిపోతుంది. దాదాపు అందరూ విదేశాల్లో, అదీ ఎక్కువగా పేరులేని క్లబ్బుల్లో, క్రమం తప్పకుండా ఆడేవాళ్లు. జట్టుకు వెన్నెముకలాంటి సిగుర్డ్‌సన్, గున్నార్సన్, సిగ్థోర్సన్ 2011 అండర్-21 యూరో కప్ నుంచి కలిసి ఆడుతున్నారు. టోర్నీకి ముందు జాబితా చూసి ఆ క్లబ్ పేర్లతో జోస్యం చెప్పి ఉంటే, ఆ జట్టు గ్రూప్ దాటుతుందని కూడా ఎవరూ అనుకుని ఉండరు.